సేవకు ఖాతా లేని సంస్థ: మన జాతీయ విమానయాన సంస్థపై ఒక కాస్ట్ అకౌంటెంటు కేస్ స్టడీ

విశాఖపట్నం విమానాశ్రయంలో విమానాలకు నేల మీద జరగాల్సిన పనులు చూసే ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీ కొన్నేళ్ల క్రితం తన ఖర్చులను పనివారీగా విడదీసి చూపించమని నన్ను అడిగింది. అందుకోసం నేను వరుసగా మూడు రోజులు విమానాలు ఆగే ర్యాంప్ మీద నిలబడి, విమానం చక్రాలు కదలకుండా చోక్స్ అనే అడ్డుదిమ్మలు పెట్టిన నిమిషం నుంచి అవి తీసేసిన నిమిషం వరకు జరిగే ప్రతి పనినీ వాచీ చూసుకుంటూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండో రోజు సాయంత్రం ఒక ఎయిర్‌బస్ ఎ320 ఇరవై నిమిషాలు ఆలస్యంగా దిగింది. దాన్ని నలభై నిమిషాల్లో తిప్పి పంపాలి. ముందు తలుపు దగ్గర ప్రయాణికులు దిగుతున్నారు, కింద బెల్ట్ లోడర్ మీద సామాను దిగుతోంది, రెక్క కింద ఇంధనం బౌజర్ ఆగి ఉంది, వీల్‌చైర్లు నాలుగు వరుసలో ఉన్నాయి. భీమిలి వైపు హేచరీల నుంచి వచ్చిన రొయ్య పిల్లల పెట్టెలు, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులతో బిగించిన తెల్లటి థర్మోకోల్ పెట్టెలు, ట్రాలీ మీద సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు కెప్టెన్ గమ్యస్థానంలో వాతావరణం బాగాలేదని అదనంగా ఇంధనం అడిగారు. ఇంధనం బరువు పెరిగితే ఆ మేరకు సరుకు తగ్గాలి కాబట్టి బరువుల లెక్క రాసే లోడ్ షీట్ మళ్లీ వేశారు, పెట్టెల్లో సగం కిందే ఉండిపోయాయి. పెట్టెలతో వచ్చిన మనిషి "బాబూ, రేపు పొద్దుటి దాకా ఇవి బతకవు" అని లోడర్లను బతిమాలుతూ నిలబడ్డాడు. విమానం యాభై రెండో నిమిషంలో కదిలింది.

ఆ పన్నెండు నిమిషాలకు, ఆ సగం పెట్టెలకు, అదనపు ఇంధనానికి ఎవరి ఖాతాలో ఎంత పడిందో నేను ఆ రాత్రికల్లా లెక్క వేయగలిగాను. ఎందుకంటే ఆ విమానం నడిపే ప్రైవేటు సంస్థకు ప్రతి నిర్ణయానికీ ఒక ఖాతా ఉంది. మన జాతీయ విమానయాన సంస్థ చరిత్రను నేను ఈ కోణం నుంచే చదువుతున్నాను. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ నష్టాలకు సేవాభారమే కారణమని కొందరు అంటారు, అసమర్థతే కారణమని మరికొందరు అంటారు. నా వృత్తి అనుభవం ప్రకారం ఈ రెండు వాదనలూ అసలు లోపాన్ని చూడడం లేదు. దేశం కోసం చేసిన పని ఖర్చెంత, వ్యాపారంగా చేసిన పని ఖర్చెంత అని విడదీసే ఖాతా ఈ సంస్థలో దశాబ్దాల పాటు లేదు. ఖాతా లేనందువల్ల సేవ అసమర్థతను కప్పిపుచ్చింది, చేసిన మంచి సేవకు అసమర్థత మచ్చ తెచ్చింది.

తూకం ప్రకారం మొదలైన సంస్థ

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకు పుస్ మాత్ అనే చిన్న విమానాన్ని తానే నడుపుకొచ్చారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ తపాలాను బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్లారు. ఈ ఘట్టాన్ని సాధారణంగా సాహసగాథగా చెప్పుకుంటారు, అది సాహసమే. అయితే నాకు అందులో ముఖ్యంగా కనిపించేది ఒప్పందం. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వలేదు. మోసిన తపాలా బరువును బట్టి డబ్బు ఇచ్చింది. అంటే ఆ సేవకు కొనుగోలుదారు ఎవరో, ధర ఎంతో, ఎన్ని పౌన్లు మోశారో మొదటి రోజు నుంచే కాగితం మీద ఉంది. మొదటి ఏడాది ప్రయాణికులు 155 మంది మాత్రమే అయినా సంస్థకు దాదాపు 60,000 రూపాయల లాభం మిగిలింది. దేశానికి అవసరమైన పని, వ్యాపారానికి పనికొచ్చే లెక్క ఒకే పుస్తకంలో పక్కపక్కన ఇమిడిన కాలం అది.

1946లో టాటా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియా పేరుతో పబ్లిక్ కంపెనీ అయింది. 1948 జూన్ 8న లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ రకానికి చెందిన 'మలబార్ ప్రిన్సెస్' కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్లింది. ఇలాంటి అంతర్జాతీయ సర్వీసుల కోసం పెట్టిన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌లో ప్రభుత్వం 49 శాతం వాటా తీసుకుంది. దేశంలో మాత్రం యుద్ధానంతరం చౌకగా దొరికిన డకోటా విమానాలతో అనేక కంపెనీలు పుట్టుకొచ్చి, ఉన్న కొద్దిమంది ప్రయాణికుల కోసం పోటీపడి చితికిపోయాయి. 1953 నాటి ఎయిర్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం ఆ ఏడాది ఆగస్టు 1న ఎనిమిది దేశీయ కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ అయ్యాయి. అంతర్జాతీయ సర్వీసులు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు వెళ్లాయి. కలిసిన ఎనిమిదింటిలో బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఉంది కాబట్టి ఈ విలీనంలో తెలుగు నేలకూ వాటా ఉంది.

ఆ కాలపు నిర్వహణలో నాకు ఎంతో ఇష్టమైనది నాగపూర్ రాత్రి తపాలా. 1949 నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రివేళ బయలుదేరిన విమానాలు నాగపూర్‌లో కలుసుకుని, తపాలా సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి ఎక్కడివక్కడికి తిరిగి చేరేవి. నాలుగు మూలల దేశానికి మధ్యలో ఒక కూడలి పెట్టి, ఒక్క రాత్రిలో అన్ని జతల నగరాలనూ కలిపిన ఏర్పాటు ఇది. ఈ రోజు హబ్ అని మనం గొప్పగా చెప్పుకునే పద్ధతికి ఇది పూర్తి రూపం. అక్కడా డబ్బు తపాలా శాఖ నుంచి, సంచుల లెక్క ప్రకారం వచ్చేది.

జాతీయీకరణ తప్పని నేను అనను. చితికిపోతున్న ఎనిమిది కంపెనీలను ఒక చోట చేర్చడానికి తగిన కారణాలే ఉన్నాయి. జె.ఆర్.డి. టాటా ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించి కూడా 1978 దాకా ఎయిర్ ఇండియా చైర్మన్‌గా ఉండి సేవల నాణ్యతను స్వయంగా పట్టించుకున్నారు. 1962 నాటికి ఎయిర్ ఇండియా పూర్తిగా జెట్ విమానాలతో నడిచే తొలి సంస్థగా ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. లోపం చట్టంలో కంటే దాని కింద రాసుకున్న పద్దుల్లో ఉంది. ఫలానా ఊరికి విమానం నడపమని ప్రభుత్వం చెబితే కార్పొరేషన్ నడిపేది. ఆ మార్గంలో వచ్చిన నష్టం ఏడాది చివర సంస్థ మొత్తం ఫలితంలో కలిసిపోయేది.

ఒక గంట ఎగిరితే ఎంత

ఈ కలిసిపోవడం ఎంత ప్రమాదకరమో అర్థం కావాలంటే విమానయాన ఖర్చుల స్వభావం తెలియాలి. ఇక్కడ నేను వాడే అంకెలు లెక్క అర్థమవడానికి నేను వేసుకున్నవి. ఒక విమానానికి అద్దె, బీమా, సిబ్బంది జీతాలు, నిర్ణీత మరమ్మతులు కలిపి నెలకు 3.6 కోట్ల స్థిర ఖర్చు ఉందనుకుందాం. రోజుకు 12 గంటలు ఎగిరితే నెలకు 360 గంటలు, అంటే గంటకు లక్ష రూపాయలు. అదే విమానం రోజుకు 9 గంటలే ఎగిరితే గంటకు 1,33,333 రూపాయలు. ఇంధనం చుక్క ఎక్కువ కాలలేదు, ఎవరి జీతమూ పెరగలేదు, అయినా ఖర్చు మూడో వంతు పెరిగింది. ర్యాంప్ మీద పోయిన పన్నెండు నిమిషాల విలువ ఇక్కడ తెలుస్తుంది. ఉదయం విశాఖలో పోయిన నిమిషాలు మధ్యాహ్నం హైదరాబాదులో, సాయంత్రం ఢిల్లీలో మళ్లీ మళ్లీ పోతాయి. చివరికి రోజు ఆఖరి సర్వీసు రద్దయితే ఆ రోజు గంటలే తగ్గిపోతాయి.

రెండో అంకె బ్రేక్ ఈవెన్ లోడ్ ఫ్యాక్టర్, అంటే ఖర్చు రాబట్టుకోవడానికి ఎంత శాతం సీట్లు నిండాలన్నది. 180 సీట్ల విమానం ఒక ట్రిప్పుకు 6,75,000 రూపాయల ఖర్చు పెడుతుందనీ, పన్నులు పోను ఒక్కో టికెట్టుకు సగటున 5,000 రూపాయలు వస్తుందనీ అనుకుంటే 135 మంది, అంటే 75 శాతం సీట్లు నిండితే ఖర్చు సరిపోతుంది. పోటీ వల్ల సగటు టికెట్టు 4,500కు పడితే 150 మంది ఎక్కాలి, అంటే 83 శాతం దాటాలి. టికెట్టుపై తగ్గింది 500 రూపాయలే అయినా ప్రతి ట్రిప్పుకు మరో పదిహేను మంది కావలసి వచ్చారు. చిన్న దూరాలలో ఇది మరీ కష్టం. విశాఖ నుంచి హైదరాబాదుకు ఆకాశ మార్గంలో దాదాపు 500 కిలోమీటర్లు. విమానం పైకెక్కేటప్పుడే ఇంధనం అత్యధికంగా కాలుతుంది కాబట్టి, ఎక్కడమూ దిగడమూ తప్ప మధ్యలో పెద్దగా ఎగరడమే లేని ఇలాంటి మార్గంలో ఒక సీటుకు కిలోమీటరు ఖర్చు ఢిల్లీ మార్గం కంటే ఎక్కువగా పడుతుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ బతుకంతా ఇలాంటి పొట్టి మార్గాలే. ఎయిర్ ఇండియా బతుకు సముద్రాలు దాటే పొడవు మార్గాలు. ఈ తేడా 2007 దగ్గర మళ్లీ మనకు ఎదురవుతుంది.

పన్ను ప్రభావం గురించి విశాఖ వాళ్లకు ప్రత్యక్ష అనుభవం ఉంది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమాన ఇంధనంపై వ్యాట్‌ను 16 శాతం నుంచి 1 శాతానికి తగ్గించింది. ఇంధనమే అతి పెద్ద ఖర్చయిన వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ ట్యాంకు నింపుకుని వెళ్లడం ఎయిర్‌లైన్లకు లాభసాటి అయింది, సర్వీసులు పెరగడానికి అది గట్టిగా తోడ్పడింది. ప్రభుత్వం వదులుకున్న పన్ను ఎంతో లెక్క కట్టవచ్చు, పెరిగిన రాకపోకలు కళ్లముందు ఉన్నాయి. సేవకు చెల్లించే మూల్యం పైకి కనిపించేలా రాసిన మంచి ఉదాహరణగా దీన్ని నేను నా దగ్గర శిక్షణ పొందే పిల్లలకు చెబుతుంటాను.

విశాఖకు మరో పరిమితి కూడా ఉంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గరి ఈ విమానాశ్రయం నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా అనే ఆ స్థావరానికి మన డేగ పేరే పెట్టారు. పౌర విమానాలకు అందులో ఒక భాగం మాత్రమే ఇచ్చారు. రన్‌వే ఉమ్మడిది కాబట్టి నౌకాదళ శిక్షణ వేళల్లో పౌర విమానాలకు స్లాట్లు, అంటే దిగడానికీ ఎగరడానికీ కేటాయించే సమయాలు, దొరకవు. 1981లో ఇక్కడ రోజుకు ఒక్క విమానమే ఉన్నప్పుడు ఇది ఎవరికీ ఇబ్బందిగా అనిపించలేదు. పొడవైన కొత్త రన్‌వే వచ్చి, 2009లో కొత్త టెర్మినల్ తెరిచి, సర్వీసులు పెరిగాక ప్రతి స్లాటూ బంగారమైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ టెర్మినల్ పైకప్పును ఊడబెరికినప్పుడు విమానాలు 17వ తేదీ వరకు ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఎయిర్‌లైన్ల అద్దెలు ఆగలేదు, జీతాలు ఆగలేదు. స్థిర ఖర్చు అంటే ఏమిటో ఊరంతా చీకట్లో ఉన్న ఆ వారంలో నాకు పాఠ్యపుస్తకం కంటే స్పష్టంగా అర్థమైంది.

ఇవ్వని బిల్లులు

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ చిక్కుకున్న భారతీయులను అమ్మాన్ మీదుగా ఇంటికి తెచ్చే పనిలో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండూ పాల్గొన్నాయి. 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్ష మందికి పైగా జనాన్ని తీసుకొచ్చాయి. కడప, కోనసీమ ఊళ్లలో ఆ విమానాల్లో వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ ప్రైవేటు సంస్థా ఆ రోజు ఆ పని చేసే స్థితిలో లేదు, ఆలోచించి చేసే వ్యవధీ లేదు. జాతీయ సంస్థ ఎందుకు ఉండాలని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి జవాబు ఇదే, దీన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అదే సంవత్సరం ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు గడ్డు సంవత్సరం కూడా. 1989లో కొత్తగా తెచ్చుకున్న ఎ320లలో ఒకటి 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో కూలి 92 మంది చనిపోయారు. ఆ రకం విమానాలన్నీ నెలల తరబడి నేల మీదే ఉండిపోయాయి. అప్పు తెచ్చి కొన్న కొత్త విమానాలు ఎగరకుండా వడ్డీ మోసిన ఆ ఏడాదిలోనే ఆ సంస్థ అమ్మాన్ నుంచి జనాన్ని మోసింది. ఒక ఖర్చు ప్రమాదం వల్ల వచ్చింది, ఒకటి పాత విమానాలను సరిగా వాడుకోలేకపోవడం వల్ల, మరొకటి దేశం కోసం. ఈ మూడూ మూడు వేరు పద్దుల్లో కనిపించి ఉంటే తరువాతి చర్చ ఎంత భిన్నంగా సాగేదో అనిపిస్తుంది.

1994 మార్చిలో కార్పొరేషన్ల చట్టం రద్దయి ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకుంది. ప్రభుత్వం అదే ఏడాది రూట్ డిస్పర్సల్ మార్గదర్శకాలు తెచ్చింది. పెద్ద నగరాల మధ్య నడిపే సామర్థ్యంలో కనీసం 10 శాతానికి సమానమైన సామర్థ్యాన్ని ఈశాన్యం, కశ్మీర్, అండమాన్, లక్షద్వీప్ లాంటి ప్రాంతాలకు, 50 శాతానికి సమానమైనదాన్ని మిగతా ఊళ్లకు నడపాలని అన్ని సంస్థలకూ నిబంధన పెట్టింది. ఆలోచన న్యాయమైనదే. ఇక్కడ కూడా ఎవరూ ఎవరికీ బిల్లు ఇవ్వలేదు. ఢిల్లీ-ముంబై ప్రయాణికుడి టికెట్టులోంచి వచ్చిన మిగులుతో మారుమూల మార్గాన్ని నడపాలన్నది లోపల దాగిన సూత్రం. కొత్త సంస్థలు లాభసాటి మార్గాల్లో టికెట్టు ధర తగ్గించగానే ఆ మిగులే కరిగిపోయింది. మిగులు కరిగినా పాత బాధ్యతల అలవాటు మాత్రం జాతీయ సంస్థలోనే ఉండిపోయింది. ప్రముఖుల ప్రయాణాలకు ప్రభుత్వం బాకీపడిన సొమ్ము వందల కోట్లకు చేరి ఏళ్ల తరబడి ఉండిపోవడం కూడా ఈ కోవలోనిదే. బిల్లు వేసి కూడా వసూలు చేసుకోలేని వ్యాపారి గతి ఏమవుతుందో విశాఖ పూర్ణా మార్కెట్లో ఏ దుకాణదారుడిని అడిగినా చెబుతాడు.

2007: కాగితం మీద కలిసిన రెండు ఇళ్లు

ఈ కేసులో అతి ముఖ్యమైన భాగం ఇదే, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. విలీనానికి ముందే రెండు సంస్థలూ కలిపి 111 విమానాలకు ఆర్డర్ ఇచ్చాయి. ఎయిర్ ఇండియా తరఫున 68 బోయింగ్‌లు, ఇండియన్ ఎయిర్‌లైన్స్ తరఫున 43 ఎయిర్‌బస్‌లు. పాత విమానాలతో నెట్టుకొస్తున్న సంస్థలకు కొత్తవి కావలసిందే. అయితే సొంత పెట్టుబడి అతి తక్కువగా ఉండగా దాదాపు అంతా అప్పు మీదే కొన్నారు. ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో ఈ కొనుగోలును తీవ్రంగా తప్పుపట్టింది. 2007 ఆగస్టులో రెండు సంస్థలూ నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఆఫ్ ఇండియా లిమిటెడ్‌లో కలిసిపోయాయి. 2010లో దానికి ఎయిర్ ఇండియా లిమిటెడ్ అనే పేరు వచ్చింది.

కాగితం మీద ఈ విలీనం చక్కగా కనిపిస్తుంది. విశాఖ నుంచి ఎక్కిన ప్రయాణికుడు ఢిల్లీలో దిగి అదే సంస్థ విమానంలో న్యూయార్క్ వెళ్లవచ్చు. పొట్టి మార్గాలు పొడవు మార్గాలకు ప్రయాణికులను అందిస్తాయి. నిజంగా అలా జరగాలంటే రిజర్వేషన్ వ్యవస్థ ఒకటి కావాలి, విమాన సంఖ్యల కోడ్ ఒకటి కావాలి, సామాను ట్యాగు ఒకటి కావాలి. కోడ్ ఒకటి కావడానికి 2011 దాకా పట్టింది. అంటే పెళ్లయిన నాలుగేళ్ల దాకా రెండు ఇళ్లలో రెండు పొయ్యిలు వెలిగినట్లే. గ్రౌండ్‌లో పనిచేసేవారికి దీని అర్థం ఏమిటంటే, ఒకే సంస్థలో ఒక విమానం నుంచి మరో విమానానికి మారే ప్రయాణికుడిని వేరే సంస్థ ప్రయాణికుడిలా మళ్లీ చెకిన్ చేయడం, అతని సామానును మళ్లీ చేతులు మార్చడం.

విమానాల విషయమూ అంతే. ఎయిర్‌బస్ నడిపే పైలట్ బోయింగ్ నడపడానికి మళ్లీ శిక్షణ, లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంట్ కావాలి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పాత ఎ320లకు ఒక కంపెనీ ఇంజిన్లు, తరువాత వచ్చిన ఎ319, ఎ321లకు మరో కంపెనీ ఇంజిన్లు ఉన్నాయి. ఎయిర్ ఇండియా 747, 777లకు మళ్లీ వేరే ఇంజిన్లు. విలీనం వల్ల స్పేర్ పార్టుల గోదాము ఒక్కటి కూడా చిన్నది కాలేదు. రెండు సంస్థలు కలిస్తే ఖర్చు తగ్గుతుందన్న సూత్రం నిజం కావాలంటే వాటిలో ఒకేలాంటివి కొన్నయినా ఉండాలి. ఇక్కడ ఒకేలా ఉన్నవి యజమాని, అప్పు మాత్రమే.

అన్నిటికంటే కష్టమైనది సీనియారిటీ జాబితా. పైలట్ జీవితంలో సీనియారిటీ సంఖ్యే సర్వస్వం. ఏ విమానం నడుపుతాడు, ఎప్పుడు కమాండ్ (కెప్టెన్ హోదా) వస్తుంది, ఎంత అలవెన్సు దొరుకుతుంది, పండగకు ఇంట్లో ఉంటాడా లేదా అన్నవన్నీ ఆ సంఖ్య మీదే ఆధారపడతాయి. పొడవు మార్గాల పైలట్లకూ పొట్టి మార్గాల పైలట్లకూ జీత నిర్మాణమే వేరు, ఉత్పాదకతతో ముడిపెట్టిన ప్రోత్సాహకాల లెక్కా వేరు. ఈ రెండు జాబితాలను ఎలా అల్లాలన్నది తేల్చకుండానే విలీనం జరిగింది. 2011 వసంతంలో సమాన జీతం కోసం పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేశారు. జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేసి సిబ్బంది సమస్యను పరిశీలించమన్నది ఆ తరువాతే. 2012లో కొత్త 787 విమానాల శిక్షణలో తమ వాటా పోతోందని పూర్వపు ఎయిర్ ఇండియా పైలట్లు చేసిన సమ్మె 58 రోజులు సాగింది. నేను సమ్మె చేసినవాళ్లను తప్పుపట్టను. జాబితా తేల్చకుండా ఇళ్లు కలిపినవారి నిర్ణయానికి పైలట్లూ ప్రయాణికులూ మూల్యం చెల్లించారు.

2012లో కేంద్ర ప్రభుత్వం 2021 వరకు విడతలుగా 30,231 కోట్ల రూపాయల మూలధనం ఇచ్చే పునరుద్ధరణ ప్రణాళికను ఆమోదించింది. సమయపాలనకు, సీట్ల నిండుదలకు లక్ష్యాలు పెట్టింది. 2014 జులైలో సంస్థ స్టార్ అలయన్స్ అనే అంతర్జాతీయ ఎయిర్‌లైన్ల కూటమిలో చేరింది. అమెరికాకు నేరుగా వెళ్లడానికి కొన్న 777-200ఎల్ఆర్‌లలో ఐదింటిని మరో దేశపు సంస్థకు అమ్మేసింది. నిర్వహణలో కొంత మెరుగుదల వచ్చిన మాట నిజమే. అయితే ఇచ్చిన మూలధనం ఎక్కువగా పాత అప్పు, వడ్డీల లోతులోకి ఇంకిపోయింది. ఎక్కడా "ఇది సేవకు చెల్లింపు, ఇది వ్యాపార నష్టానికి పూడిక" అని విడదీయలేదు. 2018-19లో నష్టం 8,500 కోట్లు దాటింది.

విడదీసిన రోజు

2018లో 76 శాతం వాటా అమ్మబోతే ఒక్క బిడ్ కూడా రాలేదు. మిగతా వాటా ప్రభుత్వం దగ్గరే ఉండటం, అప్పు భారం ఎక్కువగా ఉండటం కొనేవాళ్లను దూరం పెట్టాయి. 2020 జనవరిలో మొత్తం వాటా అమ్మకానికి పెట్టారు, తరువాత ఎంత అప్పు మోస్తారో బిడ్డరే చెప్పవచ్చన్నారు. 2021 అక్టోబరు 8న టాటా సన్స్ అనుబంధ సంస్థ టాలేస్ 18,000 కోట్ల బిడ్‌తో గెలిచినట్లు ప్రకటించారు. ఇందులో 15,300 కోట్లు సంస్థ అప్పును మోయడానికి, 2,700 కోట్లు నగదు. ఆ ఏడాది ఆగస్టు చివరి నాటికి మొత్తం అప్పు 61,562 కోట్లు. మిగిలిన 46,262 కోట్లు ఎయిర్ ఇండియా అసెట్స్ హోల్డింగ్ అనే ప్రభుత్వ సంస్థకు వెళ్లాయి. 2022 జనవరి 27న సంస్థ చేతులు మారింది.

పత్రికలు 18,000 కోట్ల అంకెను పతాక శీర్షికలో పెట్టాయి. నేను చూసింది 46,262ను. అందులో కువైట్ ఎంత, ఖాళీ సీట్ల మారుమూల మార్గాలు ఎంత, తొందరపాటు కొనుగోళ్లు ఎంత, 58 రోజుల సమ్మె ఎంత అని ఇప్పుడు ఎవరూ విడదీయలేరు. అంత మొత్తం పన్ను చెల్లించేవారి మీద పడినా, వాళ్లు దేనికి చెల్లిస్తున్నారో రాసిన రసీదు మాత్రం లేదు.

ఇందులో ఒక నిర్ణయం నాకు చాలా అర్థవంతంగా అనిపించింది. ఎయిర్ ఇండియా అనుబంధ ప్రాంతీయ సంస్థ అలయన్స్ ఎయిర్‌ను అమ్మకంలో చేర్చలేదు. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం కింద తొలి విమానాన్ని సిమ్లా నుంచి ఢిల్లీకి నడిపింది ఈ చిన్న సంస్థే, ఏటీఆర్-42 అనే చిన్న ప్రొపెల్లర్ విమానంతో. ఉడాన్ పద్ధతిలో సేవ మళ్లీ 1932 నాటిలా కాగితం మీదికి వచ్చింది. పథకం మొదలైనప్పటి నిబంధనల ప్రకారం విమానంలో సగం సీట్లను దాదాపు గంట ప్రయాణానికి 2,500 రూపాయల గరిష్ఠ ధరకు అమ్మాలి. ఆ ధరకూ ఖర్చుకూ మధ్య తేడాకు ఎంత కావాలో ఎయిర్‌లైన్ బిడ్ వేయాలి. ఆ సొమ్ము మూడేళ్లపాటు కేంద్రం 80, రాష్ట్రం 20 శాతం చొప్పున ఇస్తాయి, పెద్ద మార్గాల విమానాలపై వేసే లెవీ నుంచి కేంద్ర వాటా వస్తుంది. ఏ మార్గంలో ఏ ఏడాది ఎంత ఇచ్చారో ఎవరైనా అడగవచ్చు.

కొత్త యాజమాన్యం 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. విలీనాలూ చేసింది. 2007తో పోల్చడానికి టాటాలకే వాటా ఉన్న మరో విమాన సంస్థ విస్తారాతో 2024 నవంబరు 12న జరిగిన విలీనం మంచి ఉదాహరణ. ఆ విలీనాన్ని రెండేళ్ల ముందే ప్రకటించి, ఆ వ్యవధిలో సిబ్బంది జాబితాలు, లైసెన్సులు, అనుమతులు సర్దుకున్నారు. ఆ రోజు నుంచి విస్తారా విమానాలు సంఖ్య ముందు 2 చేర్చుకుని ఎయిర్ ఇండియా కోడ్ మీద ఎగిరాయి. కోడ్ కలవడానికి అప్పుడు నాలుగేళ్లు పట్టింది, ఇప్పుడు ఒక రాత్రి. అంతకు ఆరు వారాల ముందు చౌక సర్వీసుల సంస్థ ఏఐఎక్స్ కనెక్ట్ కూడా ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. ఈ సిబ్బంది ఏకీకరణ నొప్పి లేకుండా జరిగిందని నేను చెప్పడం లేదు, ముందుగా రాసుకుని చేశారని మాత్రమే అంటున్నాను.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 787 విమానం కూలి, విమానంలోని 242 మందిలో ఒక్కరు మాత్రమే బతికారు, నేల మీద ఉన్నవారితో కలిపి 260 మంది చనిపోయారు. ఆ దుఃఖాన్ని ఖర్చుల కేసులో ఒక వరుసగా మార్చను. భద్రతకు పెట్టే ఖర్చు తగ్గించదగిన పద్దు ఎప్పుడూ కాదని, నా దగ్గరకు వచ్చే ప్రతి రవాణా సంస్థకూ మొదటి రోజే చెబుతాను.

విశాఖ-కర్నూలు పద్దు

ఈ పద్ధతి చిన్న స్థాయిలో ఎలా ఉంటుందో చూడటానికి మన రాష్ట్రంలోనే ఒక మార్గం ఉంది. 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట కర్నూలు విమానాశ్రయం ప్రారంభమైంది. ఆ నెల 28 నుంచి ఉడాన్ కింద విశాఖకు ఒక ప్రైవేటు సంస్థ విమానం నడిపింది. రైల్లో ఒక రాత్రంతా పట్టే ప్రయాణం అది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ రోజుల్లో అయితే ఒక మంత్రిగారి ఉత్తరంతో ఈ మార్గం మొదలై, దాని నష్టం మొత్తం లెక్కల్లో కనబడకుండా కలిసిపోయేది.

ఇలాంటి మార్గానికి నేను శిక్షణ తరగతుల్లో ఒక పద్దు గీయిస్తాను. ఎడమ వైపు మూడు నిలువు వరుసలుంటాయి. మొదటిదాంట్లో టికెట్టు, సరుకు మీద వచ్చిన రాబడి. రెండోదాంట్లో ప్రభుత్వం సేవ కోసం చెల్లించిన తేడా, వదులుకున్న పన్ను, మాఫీ చేసిన ల్యాండింగ్ రుసుము. మూడోదాంట్లో ఈ రెండూ కలిపినా పూడని నష్టం. కుడి వైపు మూడో వరుసకు మాత్రమే కారణాలు రాయాలి. ఆలస్యం వల్ల ఎన్ని గంటలు పోయాయి, స్లాటు దొరక్క ఎన్ని సర్వీసులు రద్దయ్యాయి, సరుకు కిందే ఉండిపోయి ఎంత రాబడి పోయింది. రెండో వరుసలోని అంకె ఎంత పెద్దదైనా ఎయిర్‌లైన్ సిగ్గుపడనక్కరలేదు, అది ప్రజలు తెలిసి కొనుక్కున్న సేవ. మూడో వరుసకు మాత్రం ర్యాంప్ దగ్గరి నుంచి బోర్డు దాకా ప్రతి ఒక్కరూ జవాబు చెప్పాలి.

మూడేళ్ల సాయం ముగిశాక రెండో వరుస ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ మార్గం ఉండాలా వద్దా, ఉంచితే ఎవరు ఎంత పెట్టాలి అన్నది అంకెలు ముందు పెట్టుకుని అడగవచ్చు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట వస్తున్న విమానాశ్రయం వల్ల నౌకాదళ స్లాట్ల పరిమితి తొలగుతుంది కాబట్టి మూడో వరుసలోని కారణాల్లో ఒకటి తగ్గుతుంది. గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి వెళ్లే ప్రయాణికుడికి రోడ్డు దూరం పెరుగుతుంది కాబట్టి మొదటి వరుసలో కొంత తగ్గవచ్చు కూడా. ఈసారి తరగతికి ఇచ్చిన అభ్యాసం ఇదే: భోగాపురం నుంచి కర్నూలుకు వారానికి నాలుగు సర్వీసులు, ఏటీఆర్-72, సీట్లలో అరవై శాతం నిండుదల, పద్దు మూడు వరుసల్లో గీసి తీసుకురావాలి.